యాసంగి లోడ్లు మొదలయ్యేలోపు లారీ ఇంజన్‌ను మీరే చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే మన దగ్గర లారీలకు ఊపిరి సలపదు. కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు వడ్లు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, భూపాలపల్లి, గోదావరిఖని నుంచి బొగ్గు, కరీంనగర్ క్వారీల నుంచి గ్రానైట్. సరిగ్గా అప్పుడే ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. రామగుండం, మంచిర్యాల దిక్కు 45 దాటిన రోజులూ ఉంటాయి. మన బండ్ల ఇంజన్లను తినేది తిరిగిన కిలోమీటర్ల కంటే ఎక్కువగా దుమ్ము, వేడి. ఆయిల్ ఒక్కటి టైముకు మార్చి మిగతాది వదిలేస్తే బండి సీజన్ మధ్యలో హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కు, బ్లాకుకు నడుమ ఉండే సీలు) దగ్గరో, పిస్టన్ రింగుల దగ్గరో ఆగుతుంది. అందుకే మార్చి మొదట్లో బండిని రెండు రోజులు పక్కన పెట్టండి. ఆ రెండు రోజుల్లో సగానికి పైగా ఎయిర్ క్లీనర్‌కు, రేడియేటర్‌కు ఇవ్వండి.

కింద చెప్పే పనులు పానా పట్టడం వచ్చిన వాళ్లు ఇంటి ముందు చేసుకోగలిగినవే. ఎక్కువగా మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాం. కామన్ రైల్ (చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ కొట్టే కొత్త రకం) బండ్లలో ఏది ముట్టుకోకూడదో అక్కడికక్కడే చెబుతాం. ఆయిల్ ఎన్ని లీటర్లు, బోల్టు ఎంత బిగించాలి అన్నవి మీ బండి మాన్యువల్ చూసి చేయండి. పక్క బండికి సరిపోయింది కదా అని మీ బండికి పోయకండి.

మొదలుపెట్టే ముందు

బండి సమంగా ఉన్న నేల మీద, ఖాళీగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్ చేసి, వెనక టైర్లకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. క్యాబిన్ లేపే రకమైతే లేపాక లాక్ పడిందో లేదో చేత్తో పట్టి చూశాకే తల లోపల పెట్టండి. మెడలో తువ్వాల, లుంగీ, చేతికి కడియం వద్దు. తిరిగే ఫ్యాన్ వాటిని పట్టుకుంటే వదలదు. ఇంజన్ విప్పే పని ఉన్నప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కకు పెట్టండి.

సామాన్లు: 8 నుంచి 24 వరకు రింగ్ పానాలు, ఫిల్టర్ తిప్పే బెల్టు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని ఆకులు), మంచి టార్చి, 20 లీటర్లు పట్టే టబ్, డ్రెయిన్ ప్లగ్‌కు కొత్త రాగి వాషర్, ఉతికిన తెల్ల గుడ్డలు. తెల్లవే ఎందుకంటే దుమ్ము, ఇనుప రజను వాటి మీదే కనబడతాయి. టార్క్ పానా లేకపోతే రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి. అందాజాగా బిగించడం అల్యూమినియం చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) మర దగ్గర చాలా ఖర్చు పెట్టిస్తుంది.

చల్లని ఇంజన్ మొదటి స్టార్ట్

పానా పట్టే ముందు పొద్దుగాల మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు బండి ఏం చెబుతుందో వినండి, చూడండి. ఒక మనిషిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి.

స్టార్ట్ కాగానే తెల్లపొగ వచ్చి ఒకటి రెండు నిమిషాల్లో పోతే భయం లేదు, చల్లని ఇంజన్‌లో డీజిల్ పూర్తిగా మండక వచ్చే పొగ అది. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నట్టే. నీలిపొగ ఆయిల్ మండుతున్నదానికి గుర్తు: రింగులు, వాల్వ్ గైడ్లు, లేదా టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టేది) సీల్. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు. నల్లపొగ కనబడగానే చాలామంది పంపు, నాజిళ్లు విప్పించేస్తారు. ముందు ఎయిర్ క్లీనర్, ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) గొట్టాల క్లిప్పులు చూడండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది, ఆ పనికి పెద్దగా ఖర్చూ కాదు.

ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో బ్రీదర్ గొట్టం (చాంబర్‌లోని గ్యాస్ బయటికి వదిలేది) చూడండి. సన్నగా ఆవిరి వస్తే మామూలే. పొయ్యి ఊదినట్టు గుప్పుగుప్పుమని కొడుతుంటే రింగులు దాటి గ్యాస్ కిందికి దిగుతోంది. దీన్ని సర్వీసింగ్‌తో బాగుచేయలేరు, ఆయిల్ మందులు పోసినా లాభం లేదు. సీజన్‌కు ముందే మేస్త్రికి చూపించండి.

ఎయిర్ క్లీనర్: ఎక్కువ టైం ఇక్కడే

కల్లం దగ్గర లేచే దుమ్ములో మట్టితోపాటు వడ్ల నూగు, పొట్టు ఉంటాయి. నూగు ఫిల్టర్ కాగితం మడతల్లో పొరలా పేరుకుంటుంది. క్వారీ దుమ్ము ఇంకా చెడ్డది. గ్రానైట్‌లో ఉండే పలుగురాయి రజను ఇనుముకంటే గట్టిది, లోపలికి పోయిందంటే రింగులను, లైనర్లను (పిస్టన్ ఆడే గొట్టాలను) ఆకురాయిలా అరగదీస్తుంది.

డబ్బా మూత తీసే ముందు కింద వేలాడే రబ్బరు ముక్కును నొక్కండి. దుమ్ము బయటికి రాలాలి. రబ్బరు గట్టిపడి నోరు తెరిచే ఉంటే దుమ్ము రాలడానికి బదులు అక్కడి నుంచే లోపలికి గాలి పీలుస్తుంది, మార్చేయండి. తర్వాత మూత తీసి బయటి ఎలిమెంట్‌ను కుదుపు లేకుండా లాగండి.

దాన్ని టైరుకేసి కొట్టకండి. రేకు అంచు ఒకచోట వంగితే చాలు, సీలు కూర్చోదు. పంచర్ షాపు గాలిని నేరుగా పెట్టకండి, అక్కడ 7, 8 బార్ ఉంటుంది, కాగితం చిరుగుతుంది. రెగ్యులేటర్ తిప్పి 2 బార్‌కు తగ్గించి, లోపలి నుంచి బయటికి, జానెడు దూరం నుంచి, మడతల వెంబడి పైకీ కిందికీ కొట్టండి. చీకటి గదిలో ఎలిమెంట్ లోపల టార్చి పెట్టి తిప్పి చూడండి. సూదిమొనంత వెలుతురు చుక్క కనబడినా ఆ ఎలిమెంట్ పనికిరాదు. బాగున్నదాన్నీ పదేపదే తీసి గాలి కొట్టకండి. తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రంగా ఉన్న దిక్కు రాలుతుంది. బండికి సర్వీస్ ఇండికేటర్ ఉంటే అది ఎర్రబడినప్పుడే తీయండి. లోపలి చిన్న ఎలిమెంట్‌ను ఎప్పుడూ శుభ్రం చేయకూడదు, బయటిది రెండు మూడుసార్లు మారాక దీన్ని కొత్తది వేయాలి.

ఇప్పుడు ఎక్కువమంది వదిలేసే పని. ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకు పోయే గొట్టం క్లిప్పు వదులు చేసి, తెల్ల గుడ్డ వేలికి చుట్టి గొట్టం లోపల ఒక చుట్టు తుడవండి. గుడ్డ శుభ్రంగానో, కాస్త నూనె జిడ్డుతోనో రావాలి. ఎర్రమట్టి రంగు అంటిందంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోతోంది. అప్పుడు గొట్టం మడతల్లో పగుళ్లు, క్లిప్పు కింద దుమ్ము గీతలు వెతకండి. సన్నటి గీత ఎక్కడ మొదలైతే అక్కడే లీకు. గుడ్డకు మట్టి అంటినప్పుడు కొత్త ఫిల్టర్ మాత్రమే వేసి ఊరుకుంటే దండగే.

గొట్టం ఊడి ఉండగానే టర్బో చక్రాన్ని వేలితో తిప్పండి. ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. రాపిడి లేకుండా తిరగాలి. షాఫ్ట్‌ను పక్కలకు కదిపితే కొద్దిగా కదలొచ్చు, చక్రం మాత్రం గోడకు తగలకూడదు. ముందుకూ వెనక్కూ లాగితే దాదాపు కదలకూడదు. రెక్కల అంచులు అరిగి మొద్దుబారితే అది పాత దుమ్ము చేసిన పని.

పాత బండ్లలో ఆయిల్ బాత్ క్లీనర్ ఉంటే గిన్నె తీసి, అడుగున పేరుకున్న బురద పారబోసి, డీజిల్‌తో కడిగి, ఆరాక ఇంజన్ ఆయిల్‌ను గీత వరకే పోయండి. ఎక్కువ పోస్తే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చుకుంటుంది.

రేడియేటర్, నీళ్లు

ఇంటర్‌కూలర్ ముందు, దాని వెనక రేడియేటర్ ఉంటుంది. బయటి నుంచి చూస్తే శుభ్రంగా కనబడుతుంది, రెండింటి నడుమ మాత్రం నూగు, పత్తి పీచు, పురుగులు కంబళిలా పేరుకుంటాయి. టార్చి పక్క నుంచి వేసి చూడండి. వెలుతురు అవతలికి రాకపోతే గాలి కూడా పోవడం లేదు. పక్క బోల్టులు వదులు చేసి నడుమ సందు చేసుకొని, ఇంజన్ దిక్కు నుంచి ముందుకు నీళ్లు కొట్టండి. మామూలు గొట్టం నీళ్లు చాలు. వాషింగ్ సెంటర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి మూసుకుపోతాయి.

నీళ్ల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: బోరు నీళ్లు పోయకండి. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేదే సిలిండర్ల చుట్టూ కూడా పడుతుంది. ఆ సున్నం పొర వేడిని బయటికి పోనీయదు. గేజ్ మామూలుగా చూపిస్తున్నా లోపల లైనర్ కాలుతుంటుంది. ఇంకో నష్టం కూడా ఉంది. తడి లైనర్ (లైనర్‌కు నీళ్లు నేరుగా తగిలే) ఇంజన్లలో పిస్టన్ తట్టుడుకు లైనర్ బయటి గోడ కంపించి, అక్కడ పుట్టిన నీటి బుడగలు పగులుతూ ఇనుములో చిన్నచిన్న గుంటలు చేస్తాయి. కొన్నాళ్లకు ఆ గుంట రంధ్రమై నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. కూలెంట్‌లో ఉండే మందు లైనర్ మీద పొరలా నిలిచి దీన్ని ఆపుతుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు అనే మాట అందుకే తప్పు. డీజిల్ ఇంజన్‌కు చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. ముందే కలిపి అమ్మేదైతే నీళ్లు కలపకుండా పోయండి. రంగులు వేరైన రెండు రకాలను ఒకటిగా కలపకండి.

రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకండి. మామూలు గాలిలో నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత 1 బార్ ఒత్తిడి ఆపితే 120 దాకా మరగవు. రబ్బరు చీలినా, స్ప్రింగు చచ్చినా ఆ రక్షణ పోతుంది, బండి నీళ్లు చిమ్ముతుంది, అందరూ హెడ్ గాస్కెట్‌ను అనుమానిస్తారు. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న ఒత్తిడి అంకె చూసి అదే తెచ్చుకోండి. వేడి ఇంజన్ మీద మూత ఎప్పుడూ తీయకండి. పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగినంత చల్లబడ్డాకే తీయాలి. ఉడుకుతున్న ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

ఎండాకాలం థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేయడం మన దగ్గర అలవాటుగా మారింది. దాన్ని మానండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. అది లేకపోతే నీళ్లు కొంత రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి, వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది. అనుమానం ఉంటే దాన్ని తీసి, గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి కాచండి. దాని మీద రాసిన డిగ్రీ దగ్గర, ఎక్కువగా 80కి అటూ ఇటూ, తెరుచుకోవడం మొదలుపెట్టాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే వదులైతే జారుతుంది, బిగువైతే వాటర్ పంపు, డైనమో బేరింగులు పోతాయి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కూలెంట్ మరక కనబడితే సీలు పోయింది. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టకండి, నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి.

ఆయిల్, ఫిల్టర్

ముందు డిప్‌స్టిక్. బండి ఆపి 15 నిమిషాలయ్యాక చూడండి. గీత తగ్గడం కంటే, పోయకుండానే పెరగడం ఎక్కువ ప్రమాదం. పెరిగి పలచగా డీజిల్ వాసన వస్తే నాజిల్ దగ్గరో, ఫీడ్ పంపు దగ్గరో డీజిల్ చాంబర్‌లో కలుస్తోంది. పాల చాయ్ రంగు తేలితే నీళ్లు కలిశాయి: ఆయిల్ కూలర్, లైనర్ ఓ రింగులు, హెడ్ గాస్కెట్. ఈ రెండింట్లో ఏది ఉన్నా బండి స్టార్ట్ చేయకండి.

మార్చేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. ప్లగ్ తీసి అరగంట కారనివ్వండి. పాత ఆయిల్ పారబోసే ముందు టబ్‌ను ఎండలో పెట్టి చేత్తో మెల్లగా కదిపితే మెరిసే రజను కనబడుతుంది. పాత ఫిల్టర్‌ను కోసి కాగితం విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే రజను రింగులు, లైనర్లు, గేర్లది. అంటకుండా తెల్లగానో రాగిరంగులోనో మెరిసే పలుకులు బేరింగులవి. బేరింగు పలుకులు కనబడ్డ బండిని వడ్ల లోడుకు పంపకండి, క్రాంక్ కొట్టేస్తుంది.

కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, రబ్బరు తగిలాక చేత్తో ముక్కాలు చుట్టు బిగిస్తే సరిపోతుంది. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజన్‌కే అతుక్కుపోయి ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు రబ్బర్లు కలిస్తే రోడ్డు మీద ఆయిలంతా పోతుంది. ఆయిల్ 15డబ్ల్యూ-40, పాత బండ్లకు సీఐ-4 ప్లస్ రకం. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లకు సీకే-4 రకమే వాడాలి, వేరే ఆయిల్ బూడిద సైలెన్సర్‌లోని ఫిల్టర్‌ను మూసేస్తుంది. పోశాక స్టాప్ కేబుల్ లాగి పట్టుకొని 10, 15 సెకన్లు సెల్ఫ్ తిప్పండి, రెండు నిమిషాలు ఆపి మళ్లీ తిప్పండి. ఆయిల్ ప్రెషర్ కదిలాకే స్టార్ట్ చేయండి. డిప్‌స్టిక్ పై గీత దాటనివ్వకండి. ఎక్కువైతే క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది.

డీజిల్ దారి

వాటర్ సెపరేటర్ కింది మర రోజూ పొద్దుగాల వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. ఫిల్టర్లు మార్చాక గాలి తీయాలి. ఫిల్టర్ హెడ్ మీది మర వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొడుతూ బుడగలు లేని డీజిల్ రాగానే కొడుతుండగానే బిగించండి. తర్వాత పంపు మీది మర దగ్గర ఇదే చేయండి. అయినా స్టార్ట్ కాకపోతే నాజిల్ పైపుల నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ తిప్పి, డీజిల్ తన్నిన తర్వాత బిగించాలి. ఈ చివరి పని కామన్ రైల్ బండి మీద చేయకూడదు. అందులో డీజిల్ 1,000 బార్ పైనే ఉంటుంది, చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, కానీ గంటల్లో చెయ్యి పోయే ప్రమాదం. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఏ బండిలోనైనా లీకును వేలితో కాకుండా అట్టముక్క అడ్డం పెట్టి వెతకండి.

పంపు సెట్టింగ్, నాజిల్ ప్రెషర్ ఇంటి పనులు కావు. బెంచి ఉన్న పంపు షాపుకే ఇవ్వండి, వరంగల్ ఆటోనగర్ దగ్గరే ఉంది. బీఎస్6 బండి డెఫ్ (పొగను శుద్ధి చేయడానికి పోసే ద్రవం) ట్యాంకులో పొలానికి వేసే యూరియా నీళ్లలో కలిపి పోసే ఆలోచన చేయకండి. డెఫ్‌లో ఉండేదీ 32.5 శాతం యూరియానే, కానీ అది శుద్ధి చేసినది. మన బస్తాల్లో వచ్చేది వేపనూనె పూసిన యూరియా, లోపలి క్యాటలిస్టును పాడుచేస్తుంది.

టాపెట్లు

టాపెట్ చప్పుడు పోవాలని వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్‌కు నడుమ ఉండే సందు తగ్గించి బిగించేవాళ్లున్నారు. చప్పుడు పోతుంది, కానీ వాల్వు పూర్తిగా కూర్చోక అంచు కాలిపోతుంది. ఇక్కడ మన దగ్గర ఎక్కువగా కనబడే 12 వాల్వుల కమ్మిన్స్ 6బీటీ లెక్క చెబుతున్నాం. మిగతా ఇంజన్లకు అంకెలు వేరు.

1. ఇంజన్ చల్లగా ఉండాలి. రాత్రంతా ఆపిన బండి అయితే మంచిది. ఆరు మూతలూ తీసి, ఇన్‌లెట్ ఏది, ఎగ్జాస్ట్ ఏది మాన్యువల్ బొమ్మ చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

2. టైమింగ్ పిన్నును నొక్కి పట్టుకొని ఇంజన్‌ను మెల్లగా తిప్పండి. పిన్ను గేరు రంధ్రంలో దిగిన చోట 1వ సిలిండర్ టాప్‌లో ఉన్నట్టు. పిన్ను వెంటనే బయటికి లాగండి, మరిచిపోయి తిప్పితే విరుగుతుంది. పుల్లీ మీద సుద్దతో గీత పెట్టండి.

3. ఇన్‌లెట్ 1, 2, 4. ఎగ్జాస్ట్ 1, 3, 5 సెట్ చేయండి. ఇన్‌లెట్‌కు 0.25, ఎగ్జాస్ట్‌కు 0.51 మిల్లీమీటర్లు.

4. పుల్లీని పూర్తిగా ఒక చుట్టు తిప్పి గీత మళ్లీ అదే చోటికి తెచ్చి, మిగిలిన ఇన్‌లెట్ 3, 5, 6. ఎగ్జాస్ట్ 2, 4, 6 సెట్ చేయండి.

గేజ్ ఆకు ఎంత బిగువుగా ఉండాలన్నది చేతికి తెలియాలి. మూసిన లావు పుస్తకంలో నుంచి ఒక కాగితం లాగినప్పుడు ఉండే పట్టు అది. ఆకు దానంతటదే జారితే వదులు, వంగిపోతే బిగువు. లాక్ నట్టు 24 న్యూటన్ మీటర్లకు బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది, అందుకే బిగించిన తర్వాత గేజ్ మళ్లీ పెట్టి చూడాలి. చాలామంది సెట్టింగ్ తప్పేది ఇక్కడే.

మొదటి లోడు తర్వాత

స్టార్ట్ చేశాక పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, టార్చితో డ్రెయిన్ ప్లగ్, ఫిల్టర్లు, నీళ్ల గొట్టాలు చూడండి. 6బీటీ అయితే వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ 0.7 బార్‌కు తగ్గకూడదు. లోడుతో ఎక్కించుకుంటూ వచ్చిన బండిని వెంటనే ఆపకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వాలి. లేకపోతే ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ ఆగి, మాడి బొగ్గవుతుంది.

పాత ఆయిల్‌ను చెరువు కట్ట కింద పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వండి.

మొదటి ట్రిప్పు తిరిగి వచ్చాక, ఇంజన్ చల్లబడ్డాక, గొట్టాల క్లిప్పులన్నీ ఒకసారి బిగించండి. కొత్త బెల్టు వేస్తే సాగుతుంది, మళ్లీ వేలితో నొక్కి చూడండి. ఎయిర్ గొట్టం లోపల తెల్ల గుడ్డ ఇంకోసారి తిప్పండి. ఈసారి మట్టి అంటకూడదు.